అరవై రెండు మీటర్లు

రాజనర్సుకు ఎవరి మాట మీదా గురి లేదు. ఎండ మండిపోతోందంటే ఎంత అంటాడు. స్టేషన్ దగ్గరే అంటే ఎన్ని అడుగులు అంటాడు. పెళ్ళిచూపుల్లో తనను గుమ్మానికి ఆనించి ఎత్తు చూశాడని ఆయన భార్య సమ్మక్క ఇప్పటికీ నలుగురిలో చెబుతుంది. అదంతా అబద్ధమనీ, గుమ్మం ఎత్తు ముందే తెలుసు గనక కంటితోనే సరిపోయిందనీ ఆయన సమాధానం.

సొంతూరు జగిత్యాల పక్కన ఒక పల్లె. పదిహేడేళ్ళప్పుడు మేనమామ వెంట సూరత్ వచ్చి ఉధనాలో సాంచాల మీద చేరాడు. కరెంటు మగ్గాలను వాళ్ళ వైపు సాంచాలంటారు. ఎనిమిదేళ్ళు వాటి మోతలో నిలబడేసరికి ఎడమ చెవి సగం పోయింది. చెవి పోయినా కన్ను బాగుందని సలాబత్‌పురాలో ఒక సేఠ్ తన గోదాములో బట్ట కొలిచే పనికి పెట్టుకున్నాడు. ఆ పనిలో ఇప్పటికి ఇరవై ఏడేళ్ళు.

సాంచ మీంచి దిగిన బట్టను చుట్టలుగా గోదాముకు తెస్తారు. ఒక్కో చుట్టను తాకా అంటారు, నూరు మీటర్ల పైచిలుకు ఉంటుంది. దాన్ని మీటరు మీటరుగా మడతలు వేసి, అంచు పక్కన మడతలు లెక్కపెట్టి, చీటీ మీద అంకె వేసి సంతకం పెట్టాలి. వినడానికి ఇంతే. కానీ బజారులో రాజనర్సు చీటీ ఉన్న తాకాను కొనేవాడు మళ్ళీ కొలిపించడు. ఒకసారి సేఠ్ బావమరిది తొంభై ఎనిమిదిని నూరు చేయమని నవ్వుతూ అడిగితే, ఈయన కూడా నవ్వుతూనే మీటరు బద్దను ఆ పెద్దమనిషి చేతికిచ్చి టీ తాగడానికి వెళ్ళిపోయాడట.

బట్ట కొలిచేవాడికి సూత్రం ఒక్కటే. నడిమి బట్ట సాగుతుంది, అంచు సాగదు. కాబట్టి అంచునే నమ్మాలి. ఆ సూత్రమే ఆయనకు ఇన్నేళ్ళూ అన్నం పెట్టింది. పోయినేడు చలికాలంలో ఆ సూత్రమే ఆయన కొంప ముంచింది, ఆయనతో పాటు ఒక ఆడపిల్లను కూడా. నేను చెప్పబోయేది ఆ సంగతే.

నేనెవరో కూడా చెప్పాలి. ఇక్కడ ఒక కాలేజీలో ల్యాబు గుమస్తాను. సూరత్‌లోనే డిండోలి పేటలో పొద్దున్నే పరిగెత్తే ఒక గుంపు ఉంది, అందులో ఆఖరివాణ్ణి. నా వెనక కుక్కలు మాత్రమే వస్తాయి, కాసేపటికి అవి కూడా విసుగెత్తి నన్ను దాటిపోతాయి. నా వేగం చూసి గుంపువాళ్ళు నాకు పేర్లు రాసే పని అప్పగించారు.

ఆ గుంపుకు పెద్ద చిన్నబాబు గారు. పేరు చిన్నదైనా మనిషి ఆరడుగులు. భీమవరం వైపు నుంచి వచ్చి డిండోలిలో ఆసుపత్రి పెట్టిన ఎముకల డాక్టరు. పరుగు అయ్యాక చెరువు గట్టు మీద కూర్చోబెట్టి మాకు పరుగు పురాణం చెప్పడం ఆయన అలవాటు. మైలు దూరాన్ని నాలుగు నిమిషాల్లోపు మనిషి పరిగెత్తలేడని, గుండె ఆగిపోతుందని లోకమంతా నమ్మిన రోజులు ఉండేవట. 1954లో ఇంగ్లండులో ఒక వైద్య విద్యార్థి, ముందు ఇద్దరు స్నేహితులు వేగం పట్టి దారి తీస్తుంటే, ఈదురుగాలి రోజున మూడు నిమిషాల యాభై తొమ్మిది సెకన్ల నాలుగు పదోవంతుల్లో పరిగెత్తేశాడు. గుండె ఆగలేదు సరికదా, నలభై ఆరు రోజులకే ఇంకొకడు అంతకంటే వేగంగా పరిగెత్తాడు. "గోడ కాళ్ళకు అడ్డం ఉండదండీ, ఇక్కడ ఉంటుంది" అని డాక్టరుగారు నుదురు తట్టుకునేవారు. తర్వాత మారథాన్‌కు రెండు గంటల గోడ. 2019లో వియన్నాలో ఒక కెన్యావాడు గంటా యాభై తొమ్మిది నిమిషాల నలభై సెకన్లలో దాన్ని దాటాడు. ముందు దారి తీసేవాళ్ళు మధ్యమధ్యలో మారారనీ, అది అసలు పందెమే కాదనీ రికార్డుల్లోకి ఎక్కించలేదు.

రాజనర్సు ఈ పురాణానికి శ్రోత మాత్రమే. మోకాలి నొప్పికి పొద్దున నడవమని డాక్టరుగారే చెప్పారు. నడిచి వచ్చి గట్టు మీద కూర్చునేవాడు. ఎవరు ఎంత వేగంగా పరిగెత్తారన్నది ఆయన పట్టించుకోలేదు. అంతా విని ఒకటే అడిగాడు.

"సారూ, ఆ బాట కొలిసినోడు ఎవలు?"

డాక్టరుగారికి తెలియదు. మాకెవరికీ తెలియదు.

"ఉరికినోని పేరు అందరికి యాదుంటది. కొలిసినోని పేరు ఎవలకు యాదుండదు. కొలత తప్పయితే ఉరుకుడంత బర్బాతే గద" అన్నాడు రాజనర్సు, కాస్త నిష్ఠూరంగానే.

ఇక ప్రణీత సంగతి. రాజనర్సు ఉండే బిల్డింగులోనే కింది అంతస్తులో సదానందం కుటుంబం ఉంటుంది. సదానందం ఇంకా సాంచాల మీదనే ఉన్నాడు, రోజుకు పన్నెండు గంటలు. రాజనర్సును అన్నా అంటాడు. ఇద్దరిదీ పక్కపక్క ఊళ్ళు, ఒకప్పుడు ఒకే గదిలో ఉండి ఒకే కుండలో వండుకున్నారు. ప్రణీత సదానందం కూతురు. సూరత్‌లోనే పుట్టింది, పన్నెండో క్లాసు చదువుతోంది. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, స్కూల్లో గుజరాతీ, కోపమొస్తే మూడూ. బడి పందెంలో మొదలైన పరుగు అలా పెరిగిపోయి, మా గుంపులో మగవాళ్ళను కూడా వెనక్కి నెట్టేది.

గాంధీనగర్ వైపు ఒక క్రీడా హాస్టల్ ఉంది. తిండి, చదువు, నేర్పేవాళ్ళు అన్నీ వాళ్ళవే. ఆడపిల్లకు అందులో సీటు రావాలంటే కొలిచిన రోడ్డు మీద పది కిలోమీటర్లు నలభై నిమిషాల్లోపు పరిగెత్తాలి. పందెం పెట్టినవాళ్ళూ, బాట కొలిచినవాళ్ళూ సంతకాలు పెట్టిన కాగితం పంపాలి. సీటు రాకపోతే ప్రణీతకు దారి ఒక్కటే, పన్నెండో క్లాసు అవగానే తల్లితో పాటు మార్కెట్టులో చీరలు మడతపెట్టే పనికి పోవడం. మా గుంపులో గానీ, మాకు తెలిసిన చుట్టుపక్కల గుంపుల్లో గానీ నలభై నిమిషాల్లోపు పరిగెత్తిన ఆడపిల్ల అంతవరకు లేదు. మా మైలు గోడ అదే అనుకోండి.

ఆ పిల్ల కోసమే డాక్టరుగారు డిసెంబరులో పందెం పెట్టారు. డిండోలి చెరువు దగ్గర బయలుదేరి, కాలువ రోడ్డు మీదుగా చుట్టి మళ్ళీ చెరువు దగ్గరికి వచ్చే ఐదు కిలోమీటర్ల బాట, రెండు చుట్లు. బాట ఐదు కిలోమీటర్లే ఉందా అన్నది ప్రశ్న. చేతి గడియారాలను అడిగితే ఐదుగురి గడియారాలు ఐదు రకాలుగా చెప్పాయి. అప్పుడు డాక్టరుగారు గట్టు మీద కూర్చున్న రాజనర్సు వైపు తిరిగి, "ఎవరో ఎందుకండీ, మీరే కొలవండి" అన్నారు.

నాకు తెలిసి ఆయన జీవితంలో అంతటి మర్యాద ఎవరూ చేయలేదు. యాభై మీటర్ల ఉక్కు టేపు తెప్పించుకున్నాడు. ఒక కొస తాను, రెండో కొస సదానందం. తెల్లవారాక మొదలుపెట్టి, రోడ్డు ఎడమ అంచు పట్టుకుని, యాభై యాభైగా సుద్దగీతలు పెట్టుకుంటూ వెళ్ళారు. ఎక్కడా అంచు వదలలేదు. ఒక కారువాడు టేపు మీదుగా పోబోతే సదానందం బండికి అడ్డంగా నిలబడ్డాడు. కూతురి బాట మరి. మరుసటి ఆదివారం మళ్ళీ మొదటి నుంచి కొలిచారు. రెండు సార్లూ ఒకే లెక్క, బెత్తెడు తేడా లేదు. తప్పు కూడా రెండు సార్లు ఒకేలా వస్తుందని అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

డిసెంబరు రెండో ఆదివారం ప్రణీత ముప్ఫై తొమ్మిది నిమిషాల యాభై ఒక్క సెకన్లలో పరుగు ముగించింది. అందరికంటే ఆఖర్న చేరాక ఆ అంకె రాసింది నేనే. సదానందం గుంపు గుంపంతటికీ సూరత్ వాళ్ళ శనగపిండి టిఫిను లోచో తినిపించాడు. డాక్టరుగారు 1954 కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పారు, ఎవరూ వద్దనలేదు. రాజనర్సు కాగితం మీద చీటీల మీద పెట్టే సంతకమే పెట్టి, ఆ రోజంతా బిల్డింగు మెట్ల మీద వచ్చేపోయే వాళ్ళందరికీ కనబడేలా కూర్చున్నాడు. హాస్టల్ వాళ్ళు జూన్‌లో వచ్చి చేరమని ఉత్తరం రాశారు.

జనవరిలో పతంగుల పండగ అయిన వారానికి డాక్టరుగారు రాజనర్సు ఫోనుకు ఒక వీడియో పంపారు. ఈసారి ఇరవై ఒక్క కిలోమీటర్ల బాట కొలవాలి, పెద్ద పెద్ద పందేలకు ఎలా కొలుస్తారో చూడమని. మధ్యాహ్నం గోదాములో టిఫిను డబ్బా విప్పుకుని చూశాడు. వీడియోలో ఒక మనిషి సైకిలు మీద కొలుస్తూ పోతున్నాడు. మలుపు వచ్చిన చోటల్లా అంచు వదిలేసి, రోడ్డుకు అడ్డంగా అవతలి పక్కకు పోయి, మలుపు లోపలి మూలను రాసుకుంటూ తిరుగుతున్నాడు. పరిగెత్తేవాడు ఎక్కడ దగ్గరైతే అక్కడ మలుపును కోసి పోతాడు గనక కొలత కూడా ఆ దారినే పోవాలట. రాజనర్సు దాన్ని నాలుగు సార్లు చూశాడు. డబ్బా మూత పెట్టేసి తినకుండానే లేచాడు.

మర్నాడు పొద్దున మేము పరిగెత్తుతుంటే చెరువు మలుపు దగ్గర నిలబడి చూశాడు. మా చుట్టు కుడిచేతి వైపు తిరుగుతుంది. ఆయన కొలిచింది ఎడమ అంచు, అంటే బయటి అంచు. పరిగెత్తేవాళ్ళు మాత్రం ప్రతి మలుపులోనూ కుడివైపు డివైడరును రాసుకుంటూ పోతున్నారు. అందరూ, నేను తప్ప. నేను చెట్ల నీడ కోసం ఎప్పుడూ ఎడమ అంచునే ఉంటాను. తర్వాత లెక్క తేలినప్పుడు తెలిసింది, డిసెంబరు పందెంలో పూర్తి పది కిలోమీటర్లు పరిగెత్తింది నేనొక్కణ్ణే.

ఆ ఆదివారం టేపు కొసకు రాయి పెట్టి, ఒంటరిగా, తెగిన పతంగి దారాలు కాళ్ళకు చుట్టుకుంటుంటే విప్పుకుంటూ, దగ్గరి దారిన మొత్తం చుట్టు కొలిచాడు. నేరుగా మా ఇంటికి వచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా లెక్క వేయమన్నాడు. చుట్టుకు ముప్ఫై ఒక్క మీటరు తక్కువ. రెండు చుట్లకు అరవై రెండు. ప్రణీత వేగానికి అరవై రెండు మీటర్లంటే పదిహేను సెకన్లు. యాభై ఒకటికి పదిహేను కలిపితే నలభై నిమిషాల ఆరు సెకన్లు.

"ఇంకొకపారి చెయ్యి సారూ."

చేశాను. అదే వచ్చింది. ఆయన, "బట్టను కొలిసినట్టు కొలిసిన. బాట బట్ట కాదు" అన్నాడు. ఆ మనిషిని చూసి నాకు నిజంగా జాలేసింది. ఈ సంగతి నాకు చెప్పకుండా ఉంటే బాగుండేదని కూడా అనిపించింది, దాచడం ఎందుకు.

డాక్టరుగారి దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆయన తలుపు వేసి వచ్చి గొంతు తగ్గించారు.

"రాజనర్సు గారూ, హాస్టల్ వాళ్ళు ఇక్కడికొచ్చి కొలుస్తారా? మీకు తెలుసు, నాకు తెలుసు, ఈయనకు తెలుసు. ఇక్కడితో వదిలేద్దాం. బంగారం లాంటి పిల్లండీ. రేపో మాపో నిజంగానే దాటుతుంది."

"దాటకపోతే? ఆడికి పోయినంక సక్కని కొలత మీద ఉరికిస్తరు. నలభై దాటుతది. నాకు బలం తగ్గిందా, నేనేం తప్పు చేసిన అని ఆ పిల్ల తన్ను తనే తిట్టుకుంటది. తప్పు నాది, తిట్లు ఆ పిల్లకా?"

మొండివాడు రాజు కంటే బలవంతుడని డాక్టరుగారికీ తెలుసు. అయినా మనసులో నిజం దాచుకోలేని మనిషి, తనంతట తనే ఇంకో సంగతి చెప్పేశారు. 1981లో న్యూయార్క్ మారథాన్‌లో ఒకాయన ప్రపంచంలో అందరికంటే వేగంగా పరిగెత్తాడట. కొన్నేళ్ళకు బాట మళ్ళీ కొలిస్తే దాదాపు నూటయాభై మీటర్లు తక్కువ తేలింది. రికార్డు తీసేశారు.

"గంత పెద్ద ఊరోళ్ళే రాసిన అంకె కొట్టేసిండ్రు. డిండోలోళ్ళం మనమెంత?" అని రాజనర్సు లేచాడు.

ముందు ఎవరికి చెప్పాలా అని ఆయన ఆలోచించలేదు. బట్టలో లోపముంటే బట్టగలవాడికి చెప్పాలి. పొద్దున బిల్డింగు కింద నల్లా దగ్గర ప్రణీత నీళ్ళు పట్టుకుంటోంది. ఒంటరిగా చెప్పడానికి ధైర్యం చాలక నన్ను కూడా పిలుచుకుపోయాడు.

"బిడ్డా, నువ్వు ఉరికింది పది కిలోమీటర్లు కాదు. అరవై రెండు మీటర్లు తక్కువ. కొలుసుడు నాదే తప్పయింది."

ఆ పిల్ల నవ్వింది. "మజాక్ చెయ్యకు పెద్దబాపు."

రాజనర్సు నవ్వలేదు. బకెట్టు నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి, ఎవరూ నల్లా కట్టలేదు.

"మరి నా టైము?"

"నలభై నిమిషాల ఆరు సెకన్లు."

ప్రణీత ముఖం తెల్లబోయింది. తర్వాత ఎర్రబడింది. "ఒక్కసారి కొలిసినవ్ గద, బస్. మళ్ళ ఎందుకు కొలిసినవ్? నిన్ను మళ్ళ కొలవమని ఎవలు చెప్పిండ్రు?" అని అరిచింది. తర్వాత గుజరాతీలో ఏదో అంది, నాకు సగమే అర్థమైంది, ఆ సగమూ ఇక్కడ రాయను. బకెట్టు అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

రాజనర్సు నల్లా కట్టేసి, బకెట్టు వాళ్ళ గుమ్మం ముందు పెట్టి వచ్చాడు.

ఆ సాయంత్రం సదానందం మెట్లెక్కి వచ్చాడు. "అన్నా, ఒక్క కుండల వండుకొని తిన్నం. నా బిడ్డ నోట్ల మన్ను కొడ్తవని అనుకోలే" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఎదురుపడ్డా ముఖం తిప్పుకునేవాడు. సమ్మక్క కూడా రెండు రోజులు మొగుడితో మాట్లాడలేదు. మూడో రోజు మాత్రం, "నువ్వు జెప్పింది నిజమే. గని నిజం జెప్పినోనికి ఎవడన్న అన్నం పెట్టిండా?" అంటూ పళ్ళెం ముందు పెట్టిందట.

డాక్టరుగారు ఉన్నది ఉన్నట్టు హాస్టల్‌కు ఉత్తరం రాశారు. వాళ్ళు మెచ్చుకుంటూ జవాబిచ్చారు. మెప్పుతో పాటు గడువు కూడా పెట్టారు. ఫిబ్రవరి నెలాఖరులోపు సరైన బాట మీద నలభై నిమిషాల్లోపు పరిగెత్తి కాగితం పంపితే సీటు అలాగే ఉంటుంది, లేకపోతే డాంగ్ జిల్లా అమ్మాయి ఒకతె వరసలో ఉంది.

మళ్ళీ కొలవాలి. సదానందం రానన్నాడు, టేపు రెండో కొస నాకు పడింది. ఈసారి ప్రతి మలుపులోనూ లోపలి మూలకు జానెడున్నర దూరంలో టేపు పోవాలి. ఇంకో నియమం కూడా వీడియోలో ఉంది. ఎంత జాగ్రత్తగా కొలిచినా తప్పు రావచ్చు గనక, బాట ఎప్పటికీ తక్కువ కాకుండా కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున కలపాలి. పది కిలోమీటర్లకు పది మీటర్లు. ఆ మాట వినగానే రాజనర్సు ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగు చూశాను.

"కొసరు! కూరగాయలమ్మేటోడు గూడ కొసరు ఏస్తడు సారూ. ఈ రూలు రాసినోడెవడో మంచోడు."

అరవై రెండూ, పదీ కలిపి బయలుదేరే గీతను డెబ్బై రెండు మీటర్లు వెనక్కి జరిపాం. రోడ్డులో మేకు కొట్టి చుట్టూ తెల్లరంగు వేశాం. పది మీటర్లంటే ప్రణీతకు రెండున్నర సెకన్లు. ఆ లెక్క నేను చేశాను గానీ పైకి అనలేదు.

ఆ నెలంతా ప్రణీత గుంపుతో కలవకుండా ఒంటరిగా పరిగెత్తింది. రాజనర్సు గట్టు మీద కూర్చుంటే ఆ పిల్ల అటువైపు చూసేది కాదు. ఒక రోజు మాత్రం బయలుదేరే గీత దగ్గర ఆగి, పాత గీతకూ కొత్త గీతకూ మధ్య దూరాన్ని తన అడుగులతో వేసుకుని చూసింది. మళ్ళీ పరుగందుకుంది.

ఫిబ్రవరి ఆఖరి ఆదివారం. అప్పటికే పొద్దున కూడా గాలి వేడెక్కుతోంది. ఇరవై మందిమి చేరాం. ఈసారి డాక్టరుగారు 1954 పద్ధతి పెట్టారు. గుంపులో గట్టివాళ్ళు ఇద్దరు ముందు పరిగెత్తి వేగం పట్టాలి, చేతనైనంత దూరం లాక్కుపోయి పక్కకు తప్పుకోవాలి. నేను పరిగెత్తలేదు, గడియారం నా చేతికిచ్చారు. సదానందం రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు, జుట్టు నిండా దూది పొట్టు. రాజనర్సు చివరి గీతకు ఇవతల, సదానందం అవతల నిలబడ్డారు.

సగం దూరానికి పంతొమ్మిది నిమిషాల యాభై ఆరు సెకన్లు. నాలుగు సెకన్లు చేతిలో ఉన్నాయి. ఏడో కిలోమీటరు దగ్గర దారి తీసేవాళ్ళు ఇద్దరూ తప్పుకున్నారట. అక్కడి నుంచి ఆ పిల్ల ఒక్కతే. కాలువ రోడ్డు మలుపు తిరిగి మాకు కనబడేసరికి నడుము వంగింది, చేతులు ఇష్టమొచ్చినట్టు ఊగుతున్నాయి. సదానందం "ఉరుకు బిడ్డా, ఉరుకు" అని గొంతు చించుకుంటున్నాడు. రాజనర్సు పెదవులు మాత్రం కదులుతున్నాయి, అడుగులు లెక్కపెడుతున్నాడో, దేవుణ్ణి మొక్కుతున్నాడో తెలియదు.

ప్రణీత గీత దాటగానే గడియారం నొక్కాను. నలభై నిమిషాల రెండు సెకన్లు.

డాక్టరుగారు నా భుజం మీదుగా వంగి చూసి కళ్ళు మూసుకున్నారు. పిల్ల రోడ్డు మీదనే కూలబడి మా ముఖాలు చూసింది. అడగాల్సిన పని లేకపోయింది.

డాక్టరుగారు తేరుకుని ఒక మాట అన్నారు. "ఈ పిల్ల పరిగెత్తింది పది కిలోమీటర్ల పది మీటర్లు కదండీ. కొసరు తీసేస్తే ముప్ఫై తొమ్మిది నిమిషాల యాభై తొమ్మిది సెకన్లు. పది కిలోమీటర్లకు అదే రాద్దాం. నిజానికి ఇది అబద్ధం కూడా కాదు." ఆయన గొంతులో నమ్మకం లేదు, ఆశ ఉంది. కాగితం తీసి కారు బానెట్టు మీద పెట్టారు. పేరు, దూరం రాసి ఉన్నాయి, సమయం ఖాళీ. కింద కొలిచినవాడి సంతకానికి చోటు. సమయం కూడా తన చేత్తోనే రాసి సంతకం పెట్టమని పెన్ను రాజనర్సు ముందు పెట్టారు.

రాజనర్సు రెండు అడుగులు వెనక్కి వేశాడు. అప్పుడు సదానందం వచ్చాడు. నెల రోజుల నుంచి ముఖం చూడని మనిషి రోడ్డు మీద వంగి రాజనర్సు మోకాళ్ళు పట్టుకున్నాడు. "అన్నా, నీ కాళ్ళు మొక్కుత. మూడు సెకన్లు. జర రాయన్నా. నా బిడ్డ గా మార్కెట్ల చీరలు మడుసుకుంట కూసుంటది. రాయన్నా."

రాజనర్సు సదానందాన్ని పైకి లేపాడు. ఆయన కళ్ళ నిండా నీళ్ళు. వెళ్ళి పెన్ను తీసుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను, నా కళ్ళతో చూశాను. ఇరవై ఏడేళ్ళలో ఒక్క తప్పుడు అంకె రాయని ఆ చెయ్యి కాగితం మీద ముప్ఫై తొమ్మిదికి మొదటి అంకె, మూడు, వేసింది. నేను ఆపలేదు. ఆపాలని కూడా నాకు అనిపించలేదు. రాయి, తొందరగా రాసెయ్యి అనుకున్నాను.

"పెద్దబాపు."

ప్రణీత లేచి వచ్చింది. బానెట్టు పట్టుకుని నిలబడింది. నెల రోజుల తర్వాత ఆ పిల్ల ఆయన్ను పిలవడం అదే మొదలు.

"నువ్వే గిట్ల రాస్తే, రేపు నేను నిజంగ దాటిన్నాడు ఎవలు నమ్ముతరు? నేను నమ్ముతనా?"

ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుంది. ఆ మూడు అంకెను కొట్టేసి, పక్కన నలభై నిమిషాల రెండు సెకన్లు అని తన చేత్తో రాసింది. సీటు పోయిందని అక్కడున్న అందరికీ తెలుసు. సదానందం తల పట్టుకుని రోడ్డు అంచున కూర్చుండిపోయాడు. ఆ పిల్ల తండ్రి వైపు ఒకసారి చూసి, మళ్ళీ రాజనర్సు వైపు తిరిగి పెన్ను చాపింది.

"ఇగ పెట్టు సంతకం" అంది.

రాజనర్సు పెట్టాడు.